నరాల జబ్బుకు నేను అంటగట్టిన కారణం

ముప్పై మూడేళ్ళు అనకాపల్లిలో ఫిజియోథెరపీ చేశాను. ఆ ముప్పై మూడేళ్ళలో "ఇది నాకెందుకొచ్చింది?" అని అడిగిన ఒక్క మనిషిని కూడా ఖాళీ చేతులతో పంపలేదు. మోకాలి నొప్పికి కారణం కావాలా, ఉంది. మెడ పట్టేసిందా, దానికీ ఉంది. విశాఖపట్నంలో పెద్ద చదువులు చదివిన న్యూరాలజిస్టు తెలియదని చెప్పేసిన జబ్బుకు సైతం, నేను చేతిలో టీ చల్లారేలోగా కారణం చెప్పి పంపించాను. వాళ్ళు దాన్ని నమ్మారు, ఇంటికి పట్టుకెళ్ళారు, రోజూ వాడుకున్నారు. అంత గట్టిగా నిలబడ్డ సరుకు మా వంశంలో ఇంకెవరూ అమ్మి ఉండరు.

ఈ వృత్తిలో నేను చేసిన అన్నిటికంటే చెడ్డ పని అదే. కొత్తగా క్లినిక్ పెట్టుకుంటున్న పిల్లలు కొందరు "మేడమ్, మీ అనుభవాలు రాయండి" అని అడుగుతున్నారు. నాకు సన్మానాలు జరగలేదు కాబట్టి వాటి గురించి రాసే బాధ లేదు. ఈ ఒక్క కేసు రాస్తాను. ఇది రాయాలంటే నాకు ఇప్పటికీ భయమే.

కొట్టు భాష

మా నాన్నది కిరాణా కొట్టు. చుట్టుపక్కల పల్లెల రైతులు బెల్లం దిమ్మలు మార్కెట్లో దింపి, తిరుగుప్రయాణంలో మా కొట్లో నెల సరుకు వేయించుకునేవాళ్ళు. నాకు ఎక్కాల కంటే ముందు వచ్చిన విద్య ఏమిటంటే, కొట్లో "లేదు" అనకూడదు. ఆ మాట పలికితే లక్ష్మి గడప దాటిపోతుందని మా నాన్న నమ్మకం. బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అనాలి. అడిగిన రకం కందిపప్పు లేకపోతే ఇంకో రకం పొట్లం కట్టి "ఈ నెలకిది వండి చూడండి, మళ్ళీ మీరే ఇది అడుగుతారు" అనాలి. వచ్చిన మనిషి చేతిలో ఏదో ఒకటి పెట్టకుండా పంపితే ఆ పూట ఆయన అన్నం సరిగా తినేవాడు కాదు.

ఫిజియోథెరపీ చదువుకుని వచ్చాక కూడా నా నోట్లో నాలుక కొట్టుదే. అప్పట్లో పల్లెవాళ్ళకు ఫిజియోథెరపీ అంటే "కరెంటు పెట్టడం". నన్ను కరెంటు డాట్రమ్మ అనేవాళ్ళు. డాక్టరును కాదు మొర్రో అంటే, "మరేటి, కరెంటాఫీసా?" అని నవ్వేవాళ్ళు. పది సిట్టింగులు ఒప్పుకుంటే రెండు ఉచితం అని బోర్డు పెట్టిన మొదటి ఫిజియోథెరపిస్టును నేనే. సిగ్గుపడాల్సిన విషయమే గానీ, బోర్డు బాగా పనిచేసింది.

వచ్చినవాళ్ళు నొప్పి తగ్గించమని ఒకసారి అడిగితే, ఎందుకొచ్చిందని నాలుగుసార్లు అడుగుతారు. "తెలియదు" అనే మాట నాకు "లేదు" అన్నట్టే వినిపించేది. అందుకని ఏదో ఒకటి పొట్లం కట్టి ఇచ్చేదాన్ని. బరువులెత్తారు, చల్లగాలి తగిలింది, తలగడ ఎత్తు. చాలావరకు నిజానికి దగ్గరగానే ఉండేవి. దగ్గరగా ఉండటమే నన్ను చెడగొట్టింది.

అగ్గిపుల్ల

నూకరాజు బుచ్చయ్యపేట మండలం రైతు. యాభై రెండేళ్ళుంటాయి. చెరకు వేస్తాడు, గానుగ దగ్గర బెల్లం వండటంలో పేరున్నవాడు. ఒక చలికాలం కుడి చెయ్యి పట్టు తప్పుతోందని వచ్చాడు. వెంట భార్య సత్యవతి, తమ్ముడు అప్పలనాయుడు. తమ్ముడికి పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో షిఫ్టు పని. ముగ్గురూ ఒకే బండి మీద వచ్చారు.

"ఏం పనికి ఇబ్బంది పడుతున్నారు?" అని అడిగాను.

"అగ్గిపుల్ల గియ్యనేకపోతన్నానమ్మా. బీడీ నోట్లో ఎట్టుకుని ఎదురు సూడ్డమే. ఎవుడో ఒకడు వచ్చి ముట్టించాల," అన్నాడు.

"మంచిదే కదా, మీ చెయ్యే బీడీ మాన్పిస్తోంది," అన్నాను.

"అదే నానూ అన్నాను," అంది సత్యవతి. అందరం నవ్వాం.

ఆ నవ్వు నాకు ఇప్పుడు చెవిలో పడితే వెన్ను చల్లబడుతుంది. ఎందుకంటే అంతా నా కళ్ళ ముందే ఉంది. బొటనవేలి కింద ఉండే మెత్తటి కండ కుడి చేతిలో దిగిపోయి ఉంది. అయినా నొప్పి లేదు. సూది మొన, దూది, చన్నీళ్ళు అన్నీ సరిగ్గా తెలుస్తున్నాయి. మెడలో నరం నొక్కుకుంటే మామూలుగా నొప్పో తిమ్మిరో ఉంటుంది, మోచేతి దగ్గర సుత్తితో తడితే కదలిక తగ్గుతుంది. ఈయనకు కండ కరిగిన చేతిలోనే కదలిక ఎగిరిపడింది. అది చూశాను, విచిత్రంగా ఉందనుకున్నాను. తర్వాత ఆయన తెచ్చిన ఎక్స్‌రేలో మెడ ఎముకలు అరిగినట్టు కనిపించింది. యాభై దాటిన రైతు మెడ ఎక్స్‌రే తీస్తే అరుగుదల కనిపించకుండా ఉంటుందా? కానీ నాకు కావలసిన కారణం దొరికేసింది. మెడను సాగదీసే బరువు కట్టాను, కరెంటు పెట్టాను, పది సిట్టింగులకు రెండు ఉచితంగా ఇచ్చాను. అలా ఏడు వారాలు గడిచాయి.

ఏడో వారంలో ఒక మధ్యాహ్నం ఆయన చొక్కా విప్పి పడుకున్నాడు. భుజం మీద చర్మం కింద ఏదో పాకింది. కాసేపు ఆగింది. ఛాతీ మీద పాకింది. గట్టుమీద పడ్డ వాన చినుకుల్లా అక్కడొకటి, ఇక్కడొకటి. ఆయనకు ఏమీ తెలియడం లేదు, ఫ్యాను వైపు చూస్తున్నాడు. నోరు తెరవమన్నాను. నాలుక ఊరికే ఉండమన్నా ఉండటం లేదు, అంచుల వెంట సన్నగా వణుకుతోంది.

నేను మోటార్ న్యూరాన్ జబ్బును అంతకుముందు పుస్తకంలో చదివాను, కాలేజీ రోజుల్లో ఒకసారి చూశాను. అయినా గుర్తుపట్టాను. ఆ రోజు మెడ బరువు కట్టడానికి నా చేతులు రాలేదు. "విశాఖ వెళ్ళి నరాల డాక్టరుకు చూపించండి, రేపే," అన్నాను.

"మిగిలిన సిట్టింగులో?" అన్నాడు నూకరాజు.

ఖాళీ కొట్టు

కండరాల్లోకి సన్నటి సూది దింపి చేసే పరీక్ష చేశారు, మెడకు ఎమ్మారై తీశారు. నేననుకున్నదే. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మెదడు నుంచి, వెన్నుపాము నుంచి కండరాలకు కదలమని కబురు మోసే నరకణాలు కొన్ని ఉంటాయి. ఈ జబ్బులో అవి వరసగా చచ్చిపోతాయి. కబురు అందని కండ కరిగిపోతుంది. చెయ్యి, కాలు, నాలుక, మింగే గొంతు, చివరికి ఊపిరి తీసే కండరాలు. ఆలోచన మాత్రం చాలామందికి చివరిదాకా ఉంటుంది. అంటే మనిషి తన శరీరం ఖాళీ అవుతుంటే లోపల కూర్చుని చూస్తుంటాడు. కొంచెం నెమ్మది చేసే మాత్ర ఉంది గానీ ఆపే మందు లేదు.

ఆయన నాలుక చూసిన సాయంత్రం నుంచి నాకొక రోగం పట్టుకుంది. పొద్దున్నే లేచి రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి బొటనవేళ్ళ కింద కండ చూసుకోవడం. కనురెప్ప కొట్టుకుంటే అద్దం దగ్గరికి పరిగెత్తి నాలుక చాపడం. ఈ జబ్బును దగ్గర నుంచి చూసిన మనవాళ్ళు చాలామంది ఇది చేస్తారు, పైకి చెప్పరు. మీకూ వస్తుంది. వచ్చినప్పుడు మీరొక్కరే కాదని గుర్తుంచుకోండి.

పరీక్షల కాగితాలు పట్టుకుని ముగ్గురూ మళ్ళీ నా దగ్గరికే వచ్చారు. నూకరాజు మాట అప్పటికే కాస్త బరువెక్కింది, ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టుంది. అప్పలనాయుడు కింద మందుల షాపు దగ్గర ఆగాడు. సత్యవతి కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"అంత పెద్ద డాట్రు, ఎందుకొచ్చింది బాబూ అంటే తెలీదన్నాడమ్మా. తెలీపోడమేటి? తెలీనోడు కుర్సీలో కూకోడమేటి? మీరు సెప్పండి."

నాకు ఆ డాక్టరు మీద జాలి వేసింది. ఖాళీ కొట్టు తెరుచుకుని కూర్చున్నాడు పాపం అనుకున్నాను. నాకు అంత దురదృష్టం ఏముంది?

"చేలో మందులు కొడతారా?" అని అడిగాను.

"కొట్టకపోతే సెరుకెలా వత్తాది?" అన్నాడు నూకరాజు.

"ముక్కుకు గుడ్డ కట్టుకుంటారా?"

"ఉక్కపోత్తాది."

"సొంత చేలోనేనా?"

"మా తమ్ముడి సేలో కూడా నానే. ఆడికి డ్యూటీ గదా."

"ఇంకేం మరి. ఏళ్ళ తరబడి పీల్చారు. అది నరాల్లోకి దిగింది. అదే కారణం," అన్నాను.

పురుగుమందుల మీద అనుమానం ఉందని నేను చదివిన మాట నిజమే. అందులోంచి "అనుమానం" అన్న ముక్క తీసేసి మిగతాది అమ్మాను. సత్యవతి ముఖంలో ఒక్కసారిగా ఏదో కుదుటపడింది. నాకెంత తృప్తిగా అనిపించిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పొట్లం పుచ్చుకుని వెళ్ళే మనిషిని చూసినట్టు చూశాను.

అప్పలనాయుడు మెట్లెక్కి వచ్చాడు. "పదండి వొదినా, బండి తీసేను," అన్నాడు.

ఆమె అతని వైపు చూడలేదు. "మేం ఆటోలో ఎల్తాం," అంది.

అది నా ముందే జరిగింది. నేను తర్వాతి పేషెంటును పిలిచాను.

బండి చప్పుడు

ఆ తర్వాత వాళ్ళు రాలేదు. ఇంకెక్కడికో వెళ్తున్నారనుకున్నాను. బేరం పక్క కొట్టుకు పోతే మేం వెంటపడం, అది మా ఇంటి గర్వం. నాలుగు నెలలు గడిచాక సత్యవతి ఫోన్ చేసింది. "నీళ్ళు పోత్తంటే పడిపోయేడమ్మా. ఎత్తనేకపోతన్నాను. ఓపాలి వచ్చి సూడండి."

ఆటో మాట్లాడుకుని పొద్దున్నే వెళ్ళాను. నూకరాజు వాకిట్లో నులకమంచం మీద ఉన్నాడు. రెండు చేతులూ ఒడిలో వాడిపోయిన అరటి దవ్వల్లా పడి ఉన్నాయి. భుజం కమిలిపోయింది, ఎముక విరగలేదు. నన్ను చూసి ఏదో అన్నాడు. గాలి వచ్చింది, కొంచెం శబ్దం వచ్చింది, మాట రాలేదు.

సత్యవతి నడుముకు చీర బిగించి కట్టుకుని ఉంది. ఆమె మనిషే సన్నం. ఆయన్ను లేపి కూర్చోబెట్టడానికి నాకే ఊపిరి అందలేదు. ఈమె రోజుకు పదిసార్లు చేస్తోంది.

"అప్పలనాయుడు ఏడి?" అని అడిగాను.

"మీరు సెప్పినాక ఆణ్ణి గుమ్మం ఎక్కనిత్తానేటి?" అంది.

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. ఆమె చాలా మామూలుగా, నాకు తెలిసిన సంగతి నాకే గుర్తుచేస్తున్నట్టు చెప్పింది. "ఆడి సేలో మందు కొట్టీసి గదా ఈయనకిది వచ్చింది. ఆడేమో కంపెనీలో ఫేన్ల కింద కూకున్నాడు, మా ఆయన ఆడి సెరుకులో ఇసం పీల్చేడు. మొకం మీద అడిగీసేను. మాటాడనేదు. ఎల్లిపోయేడు. అంతకుముందు డ్యూటీ దిగి రోజూ వచ్చీవోడు. ఆడే నీళ్ళు పోసీవోడు, ఆడే సొక్కా తొడిగీవోడు."

అప్పుడే వీధిలో ఒక మోటారు సైకిలు వెళ్ళింది. నూకరాజు కళ్ళు గుమ్మం వైపు తిరిగాయి. చప్పుడు దూరమయ్యేదాకా అక్కడే ఉన్నాయి. ఇంకాసేపటికి ఇంకో బండి. మళ్ళీ కళ్ళు గుమ్మం వైపు. సత్యవతి తల పక్కకు తిప్పుకుంది. ఆమెకు తెలుసు. అన్నీ పోయి ఆయనకు కదిలేవి ఆ రెండు కళ్ళే మిగిలాయి. ఆ కళ్ళు రోజంతా ఎవరి కోసం కదులుతున్నాయో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన ఊపిరి లెక్కపెట్టాను, పైపైనే ఆడుతోంది. ఇక ఎక్కువ కాలం లేదు. ఆ లోగా తమ్ముడు వస్తాడా, రాడా. ఆ గుమ్మం మూయించింది నేను.

వాపసు

"సత్యవతీ, నేను చెప్పింది తప్పు. మందు వల్లే అని ఎవరూ చెప్పలేరు," అన్నాను.

ఆమె చేతిలో గ్లాసు కింద పెట్టింది. ఊరట పడుతుందనుకున్నాను. ముఖం పాలిపోయింది.

"మరెందుకొచ్చింది?"

నేను నూకరాజు భుజం కింద గుడ్డ సర్దాను.

"మందు కాపోతే మరేటి? రగతంలో ఉన్నాదా?" గొంతు బాగా తగ్గించేసింది. ఆయనకు వినపడకూడదని నన్ను పెరటి వైపు లాక్కెళ్ళింది. "నాకిద్దరు పిల్లలమ్మా. పిల్ల డిగ్రీ సదువుతంది. పిల్లోడు పాలిటెక్నిక్. ఆళ్ళకొత్తాదా? మందు అన్నారనే గదా నాను కళ్ళు మూసుకుంతన్నాను. మా ఓళ్ళెవుల్నీ సేలోకి ఎల్లనివ్వటం నేదు. ఇప్పుడు కాదంటే ఆళ్ళనెక్కడ దాసీది?"

ఆమె నా దగ్గర కొన్నది ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. ఆమెకు మరిది మీద కోపం కంటే పిల్లల మీద భయం ఎక్కువ. ఆ కారణం పిల్లల గదికి వేసిన తాళం. తాళం పడటానికి మరిదిని బయట పెట్టాల్సి వచ్చింది, పెట్టింది. ఇప్పుడు నేను వచ్చి ఆ తాళం తీసుకుపోతానంటున్నాను.

"కనుక్కుని వస్తాను," అని బయటపడ్డాను. పారిపోయానని చదువుకోండి.

మర్నాడు విశాఖ వెళ్ళి ఆ న్యూరాలజిస్టును కలిశాను. జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ అడిగాడు, "నేను తెలియదన్నాక వాళ్ళు ఎంతసేపు కూర్చున్నారో చెప్పారా మీకు?"

"లేదండి."

"వెంటనే లేచి వెళ్ళిపోయారు. నేనూ లేవనిచ్చాను. బయట అరవైమంది ఉన్నారు. నా తప్పు అది. తెలియదనే మాట మొదట చెప్పకూడదమ్మా. తెలిసినదంతా చెప్పాక చెప్పాలి. చెప్పాక మనం కుర్చీలోంచి లేవకూడదు. వాళ్ళు అడగాల్సిన అసలు ప్రశ్న ఆ తర్వాత వస్తుంది."

తెలిసినదంతా చెప్పమన్నాను. గంటసేపు చెప్పాడు. ఖాళీ కొట్టు కాదు అది. గోడౌను నిండా సరుకు ఉంది, దేని మీదా సీలు లేదు, అంతే.

కంపెనీ బస్సు

అప్పలనాయుడు మధ్యాహ్నం షిఫ్టు దిగి కంపెనీ బస్సులో అనకాపల్లి వస్తాడు. స్టాండులో పెట్టిన బండి తీసుకుని ఊరికి వెళ్తాడు. ఆ బస్సు కోసం ఎండలో నిలబడ్డాను. నన్ను చూడగానే అతను ఆగిపోయాడు.

"పోయేడా?" అన్నాడు.

"లేదు. ఉన్నాడు. నిన్ను చూడాలనుకుంటున్నాడు."

టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. నేను చెప్పిన కారణం నాకు తెలిసినది కాదు, కల్పించినట్టే లెక్క, మీ వదిన దగ్గరికి నాతో రా అని. అతను టీ ముట్టుకోలేదు.

"వొదిన గుమ్మం మూసిందని ఊరంతా అనుకుంతన్నారు గానీ, నాను రావాలనుకుంటే ఆపగలదేటి?" అన్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "ఇది సూడండి."

ముంజేతి మీద కండ చిన్నగా కొట్టుకుంది. ఆగింది. మళ్ళీ కొట్టుకుంది.

"మూడు నెల్లయింది. పిక్కల్లో కూడా. ఇంట్లో సెప్పనేదు. అన్నయ్యని సూత్తే నన్ను నాను సూసుకున్నట్టుంతది డాట్రమ్మా. ఒక తల్లి కడుపున పుట్టేం. మందైతే కొట్టింది ఆడు, నాను తప్పించుకున్నాను. రగతమైతే నాకూ ఉన్నాది. వొదిన తిడితే బాగుణ్ణనిపించింది. తిట్టినంత కాలం మందే అనుకోవచ్చు."

ఇద్దరికీ ఒకే పొట్లం అమ్మాను నేను. ఆమె పిల్లల కోసం దాచుకుంది, ఇతను తన కోసం.

అతన్ని క్లినిక్‌కు తీసుకెళ్ళి అరగంట పరీక్ష చేశాను. ప్రతి కండా నొక్కి, లాగి, తోయించి చూశాను. బొటనవేళ్ళ కింద కండ నిండుగా ఉంది. బలం ఎక్కడా తగ్గలేదు. సుత్తి తడితే కాళ్ళూ చేతులూ మామూలుగా ఉన్నాయి. నాలుక నోట్లో కదలకుండా పడుకుంది. నిద్ర చాలక, టీలు ఎక్కువై, భయం పట్టి కండలు కొట్టుకోవడం ఎందరికో ఉంటుందని, బలం తగ్గకుండా ఉత్త కొట్టుకోవడం ఈ జబ్బు గుర్తు కాదని చెప్పాను. అయినా నా మాట మీద వదిలేయొద్దని, విశాఖ డాక్టరుకు కూడా చూపించుకోమని చెప్పాను. నా మాట విలువ ఎంతో అప్పటికి నాకు తెలిసింది.

"మీకు బయం వెయ్యదా?" అని అడిగాడు.

నా రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూపించాను. "రోజూ పొద్దున్నే చూసుకుంటాను," అన్నాను. మొదటిసారి నవ్వాడు.

అనుమానితులు

అతన్ని ఊరి మొదట్లో ఆపి, ముందు నేను వెళ్ళాను. సత్యవతి పక్కన పీట వేసుకుని కూర్చుని నేను చెప్పింది ఇది. మీరూ మీ దగ్గరికి వచ్చేవాళ్ళకు ఇలాగే చెప్పాలి, కాబట్టి రాస్తున్నాను.

ఈ జబ్బు వచ్చినవాళ్ళలో చాలా ఎక్కువమందికి కుటుంబంలో అంతకుముందు ఎవరికీ ఉండదు. కొద్దిమందిలో మాత్రం వంశంలో దిగే లోపం దొరుకుతుంది. మీ అత్తవారి వైపు ఇలా చేతులు పడిపోయి, మాట పోయి చనిపోయినవాళ్ళు లేరంటున్నారు కాబట్టి, పిల్లలకు రాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఎప్పటికీ రాదని నేను కాగితం రాసి ఇవ్వలేను. ఎవరూ ఇవ్వలేరు. అంటువ్యాధి కాదు. ఆయన గ్లాసులో నీళ్ళు తాగినా, ఆయన్ను ఎత్తుకున్నా రాదు.

ఇక బయటి కారణాలు. వయసు మీరినవాళ్ళు, మగవాళ్ళు, వీళ్ళలో కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. పొగతాగడం మీద గట్టి అనుమానం ఉంది. పురుగుమందులు, సీసం లాంటి లోహాలు, తలకు దెబ్బలు, కరెంటు షాకు, ఒళ్ళు విరిచే శ్రమ, వీటిమీద కూడా అనుమానాలున్నాయి. కొందరు పరిశోధకులు అవునన్నారు, కొందరికి ఏమీ దొరకలేదు. లోపల ఏదో బలహీనత ఉన్న మనిషికి బయట నుంచి ఏవేవో తోడై జబ్బు మొదలవుతుందేమో అనుకుంటున్నారు. అనుకుంటున్నారు, అంతే. చుట్టుపక్కల చెరకు వేసే ప్రతి ఊళ్ళోనూ మందు కొట్టే మనుషులున్నారు, వాళ్ళలో దాదాపు ఎవరికీ ఇది రాలేదు. ఇదే జబ్బుతో కాలేజీ రోజుల్లో నేను చూసినామె బట్టల కొట్లో చీటీలు రాసేది. చేను మొహం చూడలేదు, బీడీ ముట్టలేదు. మందు కొట్టేవాళ్ళు మాత్రం ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగు వేసుకోవాల్సిందే, వేరే హానులు ఎన్నో ఉన్నాయి. కానీ అనుమానితుణ్ణి పట్టుకుని దోషి అని చెప్పే హక్కు నాకు లేదు. చెప్పాను.

"నూకరాజుకు ఇది ఎందుకొచ్చిందో నాకు తెలియదు," అని ఆఖర్న అన్నాను. లేవలేదు.

ఆమె లేచి వెళ్ళింది. పెరట్లో ఆరిన బట్టలు తీసుకొచ్చి మడతపెట్టింది, మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"పిల్లలకి ఈ మాట సెప్పాలా?" అని అడిగింది.

"వాళ్ళు అడిగినప్పుడు, నేను మీకు చెప్పినట్టే చెప్పండి. కావాలంటే నేను వస్తాను."

"ఆడెక్కడున్నాడు?"

"వీధి మొదట్లో."

"నాను పిలవను," అంది. బట్టలు లోపల పెట్టి వచ్చి, "వత్తే మూయను," అంది.

అప్పలనాయుడు బండి నడిపించుకుంటూ వచ్చాడు. ఇంజను చప్పుడు లేదు కాబట్టి నూకరాజుకు ముందుగా తెలియలేదు. గుమ్మంలో మనిషి నిలబడ్డాక చూశాడు. ఆయన గొంతులోంచి వచ్చిన శబ్దం ఏడుపో నవ్వో నేను చెప్పలేను. ఈ జబ్బులో రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, ఆపుకోవడం వాళ్ళ చేతిలో ఉండదు.

"సెప్పులు బయటిప్పు," అంది సత్యవతి.

అతను చెప్పులు విప్పి లోపలికి వచ్చి, అన్న చంకల కింద చేతులు పెట్టి లేపబోయాడు. అలా లాగితే భుజం కీలు జారుతుందని ఆపి, నడుము వెనక చెయ్యి వేసి, మోకాళ్ళకు మోకాళ్ళు ఆనించి ఎలా ఎత్తాలో చూపించాను. ముద్ద మింగేటప్పుడు గడ్డం దించి ఉంచడం, తలవైపు ఎత్తు పెట్టి పడుకోబెట్టడం, ఊపిరి బరువైనప్పుడు ఏం చెయ్యాలి, ఎప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, అన్నీ ఇద్దరికీ నేర్పాను. నా ముప్పై మూడేళ్ళ పనిలో ఆ ఇంటికి నిజంగా పనికొచ్చింది ఆ ఒక్క గంట.

తొమ్మిది వారాల తర్వాత నూకరాజు ఊపిరి ఆడక పోయాడు. తమ్ముడు పక్కనే ఉన్నాడు.

బిల్లు

ఇప్పుడు నా వంతు ఎంతో చూస్తాను. జబ్బు నేను తెచ్చింది కాదు. అది ఎంత వేగంగా నడవాలో కూడా నా చేతిలో లేదు. మొదటి రోజే పట్టుకుని ఉన్నా నూకరాజు బతికేవాడు కాదు. ఆ చావును నా మీద వేసుకుని ఏడిస్తే వినేవాళ్ళు ఓదారుస్తారు, అసలు బిల్లు పక్కకు పోతుంది. అందుకని అది వేసుకోను.

మెడకు బరువు కట్టిన ఏడు వారాలు నావి. మాట స్పష్టంగా ఉన్న రోజుల్లో ఆయనకు తన జబ్బు పేరు తెలిసి ఉంటే, ఇంట్లోవాళ్ళతో చెప్పుకోవాల్సినవి చెప్పుకునేవాడు. ఆ రోజుల్ని నా క్లినిక్ మంచం మీద ఫ్యాను చూస్తూ గడిపాడు.

తమ్ముడు గుమ్మం ఎక్కని పదిహేడు వారాలు నావి. భయంతో అతనూ ఆగిపోయాడు కదా, సగం అతనిదే అనిపిస్తుంది ఒక్కోసారి. కానీ ఆ భయానికి దాక్కునే చోటు ఇచ్చింది నేను. సగం తీయడానికి లేదు.

పదిహేడులోంచి, తిరిగి కలిపిన తొమ్మిదీ తీసేస్తే ఎనిమిదే మిగులుతాయని చాలాకాలం లెక్క కట్టుకున్నాను. అది దొంగలెక్క. ఆ పదిహేడు వారాలు మొదలైనప్పుడు అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడుకోగలిగేవాళ్ళు. ఈ తొమ్మిది వారాల్లో ఒకడే మాట్లాడాడు. ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసివేయడం కుదరదు.

పదిహేడూ నావే.